ముందే పైసలు, వారం వారం కూరగాయల బుట్ట: మీ కాలనీలో సభ్యత్వ బృందాన్ని ఎలా నడపాలి

హనుమకొండలో మా కాలనీకి చెందిన కొన్ని కుటుంబాలం కలిసి, ధర్మసాగర్ వైపు సాగు చేసే ఇద్దరు రైతులకు పంటకాలం మొదట్లోనే పైసలు కట్టి, వారం వారం కూరగాయలు తెచ్చుకుంటున్నాం. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి కాజీపేట, నర్సంపేట, జమ్మికుంట, జగిత్యాలల నుంచి కూడా ఒకటే ప్రశ్న వస్తున్నది: మేమూ ఇట్లా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, రైతుకు ఎంత ఇవ్వాలి, పంట పోతే పైసల సంగతి ఏమిటి? ప్రతి ఒక్కరికీ ఫోనులో విడివిడిగా చెప్పే బదులు, మేము చేసిన తప్పులతో సహా అంతా ఒకచోట వరుసగా రాస్తున్నాను.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. జపాన్‌లో 1970ల నుంచి తేకేయి అనే పేరుతో తినేవాళ్ళు రైతులతో నేరుగా ఒప్పందం చేసుకుంటున్నారు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లోని రెండు పొలాల దగ్గర ఇటువంటి సభ్యత్వాలు మొదలయ్యాయి. అన్నిచోట్లా సూత్రం ఒక్కటే. సభ్యుడు కూరగాయలు కొనడు, పంటలో వాటా తీసుకుంటాడు. పెట్టుబడి అవసరమైన రోజున పైసలు ఇస్తాడు, పొలం ఎంత ఇస్తే అంత తీసుకుంటాడు. ఈ రెండింటిలో ఏది లేకపోయినా అది ఇంటి దగ్గర కూరగాయలు దించే మామూలు వ్యాపారమే అవుతుంది, రైతుకు దానివల్ల పెద్దగా ఒరిగేది ఉండదు.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- ఒకే కాలనీలో గానీ, నడిచి వెళ్ళగలిగినంత దూరంలో గానీ ఉండే 20 నుంచి 30 కుటుంబాలు. మొదటిసారే వందమందిని చేర్చుకోకండి.
- 25 కిలోమీటర్ల లోపు కూరగాయలు పండించే ఇద్దరు లేదా ముగ్గురు రైతులు. వరంగల్ చుట్టూ అయితే ధర్మసాగర్, హసన్‌పర్తి, ఐనవోలు, గీసుగొండ మండలాల్లో వెతకండి.
- నీళ్ళకు నమ్మకమైన బోరు లేదా బావి కింద మొత్తం ఒక ఎకరం నుంచి ఎకరన్నర. ఒక్కొక్క రైతు దగ్గర 20 గుంటలు ఉన్నా చాలు.
- వారానికి రెండు పూటలు తెరిచి ఉంచగల ఒక నీడపట్టు. కమ్యూనిటీ హాలు, గుడి మంటపం, ఎవరిదైనా ఇంటి షెడ్డు, ఏదైనా సరే.
- ఒక తూకం కాంటా, 15 ప్లాస్టిక్ ట్రేలు, తడి గోనె సంచులు, ఇంటికి రెండేసి గుడ్డ సంచులు.
- రెండు పుస్తకాలు: ఒకటి పైసల లెక్కకు, ఒకటి వారం వారం వచ్చిన సరుకు లెక్కకు.
- లెక్కలు చూసే మనిషి ఒకరు, రైతులతో మాట్లాడే మనిషి ఒకరు. ఈ రెండు పనులూ ఒక్కరి మీద పెట్టకండి.

1. పంటకాలాన్ని ఎంచుకోండి

మొదటిసారి యాసంగితోనే మొదలుపెట్టండి. వానాకాలంలో కలుపు, తెగుళ్ళు, మడుల్లో నీళ్ళు నిలవడం ఎక్కువ. పైగా వరి నాట్ల రోజుల్లో రైతుకు కూరగాయల వైపు చూసే తీరిక ఉండదు. యాసంగిలో నవంబరు మొదటి వారం నుంచి మార్చి మొదటి వారం దాకా 18 వారాలు సరుకు తెప్పించుకోవచ్చు. అయితే డిసెంబరు బుట్టలో టమాట, వంకాయ రావాలంటే సెప్టెంబరులోనే నారు పోయాలి. నారు 25 నుంచి 30 రోజులు మడిలో పెరగాలి, నాటిన తరువాత కాత రావడానికి మరో రెండు నెలలకు పైగా పడుతుంది. అందుకే సభ్యులను ఆగస్టులో కూడగట్టి, బతుకమ్మ పండుగలోపే మొదటి విడత రైతు చేతిలో పెట్టాలి.

మా బృందం దెబ్బ తిన్నది సరిగ్గా ఇక్కడే. మొదటి ఏడాది సభ్యుల దగ్గర పైసలు వసూలయ్యేసరికి దీపావళి దాటింది. ఈలోపు మా రైతులలో ఒకరు విత్తనాలు, ఎరువులు ఒక దుకాణంలో ఉద్దెర తెచ్చుకున్నారు. ఆ బాకీ కింద మొదటి రెండు కోతల టమాట అటే పోయింది. సభ్యులు రైతును తప్పుపట్టారు గానీ, తప్పు మాది. ముందస్తు సొమ్ము ముందే అందకపోతే దానికి ఆ పేరు ఉండి ప్రయోజనం లేదు.

2. రైతులను ఎంచుకోండి

తెలిసినవాళ్ళు ఎవరూ లేకపోతే మండలంలోని రైతు వేదికకు వెళ్ళి వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి, లేదా ఉద్యానశాఖ వాళ్ళను, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళను కలవండి. ఉదయం రైతుబజారులో తమ సరుకు తామే అమ్ముకునే రైతులతో నాలుగు వారాలు మాట్లాడటం ఇంకా మేలైన దారి, ఎందుకంటే వాళ్ళకు మనిషిమనిషికీ తూచి ఇవ్వడం అలవాటై ఉంటుంది. కౌలు రైతులను పక్కన పెట్టకండి. పట్టా లేనివాళ్ళకు బ్యాంకులో పంట రుణం దొరకడం కష్టం కాబట్టి, మీరిచ్చే ముందస్తు సొమ్ము వాళ్ళకే అందరికన్నా ఎక్కువగా పనికివస్తుంది. కాకపోతే కౌలు మాట ఆ పంటకాలం చివరిదాకా ఖాయమేనా అని భూమి యజమానిని కూడా ఒకసారి కలిసి కనుక్కోండి.

పొలానికి స్వయంగా వెళ్ళకుండా ఎవరికీ మాట ఇవ్వకండి. వెళ్ళినప్పుడు నాలుగు విషయాలు చూడండి.

మొదటిది నీళ్ళు. ఏప్రిల్‌లో బోరు ఎన్ని గంటలు పోస్తుందని అడగండి, నవంబరు మాట కాదు.

రెండవది పక్క చేను. మన జిల్లాల్లో కూరగాయల మడి పక్కనే పత్తి గానీ మిర్చి గానీ ఉండటం మామూలు. వాటి మీద కొట్టే మందు గాలికి ఇటు వస్తుంది. గట్టు వెంట మూడు నాలుగు సాళ్ళు జొన్న లేదా సజ్జ దట్టంగా వేస్తే కొంత ఆగుతుంది. దానికి ఒప్పుకునే రైతునే ఎంచుకోండి.

మూడవది కూలీలు. పత్తి ఏరే రోజుల్లో, ఆ తరువాత మిర్చి ఏరే రోజుల్లో ఊళ్ళో మనిషి దొరకడు. వారానికి రెండుసార్లు కూరగాయలు తెంపడానికి ఇంట్లో ఎంతమంది ఉన్నారో తెలుసుకోండి.

నాలుగవది కోతులు. ఉత్తర తెలంగాణలో చాలామంది రైతులు కూరగాయలు మానేయడానికి కోతులే కారణమని ఏ ఊరికి వెళ్ళినా చెబుతారు. పగలంతా కాపలా మనిషి కావాలి, ఆ కూలి కూడా మీ ధరలో కలవాలి. ఇది లెక్కలో వేయని బృందాలు జనవరి వచ్చేసరికి ఖాళీ బుట్టలు చూస్తాయి.

3. మందుల సంగతి సూటిగా మాట్లాడుకోండి

సభ్యులందరికీ మందులు లేని కూరగాయలు కావాలని ఉంటుంది. అది సాధ్యమే. పూర్వపు వరంగల్ జిల్లాలోని ఏనెబావి ఊరంతా 2000ల దశకంలోనే రసాయనాలు లేని సాగుకు మారింది. అయితే పదేళ్ళుగా మందులు కొట్టిన చేను ఒక్క పంటకాలంలో మారదు. మొదటి యాసంగికి ఏ మందులు పూర్తిగా మానాలి, ఏవి తప్పనిసరి అయితే వాడవచ్చు, వాడితే ఎన్ని రోజుల దాకా కోయకూడదు అన్నది రాసుకోండి. వాడిన ప్రతిసారీ రైతు సభ్యులకు చెప్పాలి. చెప్పినందుకు సభ్యులు ఆయనను నిందించకూడదు. నిందిస్తే మరుసటిసారి చెప్పరు.

హెచ్చరిక: సేంద్రియం అన్న మాటను సంచుల మీద, కరపత్రాల మీద తొందరపడి రాయకండి. చిన్న రైతు గానీ రైతుల సంఘం గానీ తమ పంటను తామే తినేవాళ్ళకు నేరుగా అమ్మితే, ఏడాది అమ్మకం 12 లక్షల రూపాయలు దాటనంతవరకు ధ్రువపత్రం తప్పనిసరి కాదు. కానీ సేంద్రియ ఆహారానికి ప్రభుత్వం పెట్టిన జైవిక్ భారత్ ముద్ర మాత్రం వాడకూడదు. మున్ముందు ధ్రువపత్రం కావాలనుకుంటే, ఖర్చు తక్కువగా ఉండే పీజీఎస్ ఇండియా పద్ధతి ఉంది. దానికి కనీసం ఐదుగురు రైతులు ఒక స్థానిక బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకోవాలి.

4. ధరను ఖర్చు నుంచి కట్టండి, మార్కెట్ నుంచి కాదు

రైతుతో కూర్చుని దున్నకం, విత్తనం, నారు, పశువుల ఎరువు, పందిరి, కూలి, కాపలా, కౌలు, కరెంటు మోటారు మరమ్మతు అన్నీ కాగితం మీద పెట్టండి. రైతు, ఆయన ఇంటివాళ్ళు చేసే పనికి కూడా కూలి కట్టాలి. చాలామంది రైతులు ఆ అంకె తాముగా చెప్పరు, మీరే అడిగి రాయాలి.

ఉదాహరణకు ఒక లెక్క చూడండి. 25 కుటుంబాలు, 18 వారాలు, వారానికి 5 కిలోల బుట్ట. మొత్తం 2,250 కిలోలు. ఇంటివాళ్ళ కూలితో సహా సాగు ఖర్చు 72,000 రూపాయలు అనుకుందాం. ట్రాలీ ఆటో వారానికి 700 చొప్పున 12,600. ట్రేలు, సంచులు, కాంటా 3,400. ఇవి కలిపితే 88,000. దీని మీద పదో వంతు, అంటే 8,800, పంట తగ్గినప్పుడు వాడుకునే నష్ట నిధిగా పెట్టాలి. మొత్తం 96,800. దీన్ని 25తో భాగిస్తే ఇంటికి 3,872, సర్దుబాటు చేసి 3,900 రూపాయలు. వారానికి సుమారు 217, కిలోకు 43 రూపాయలకు పైచిలుకు. మీ ఊరి కూలి రేట్లు, దూరం వేరు కాబట్టి అంకెలు మారుతాయి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

డిసెంబరు, జనవరి నెలల్లో బజారులో టమాట ధర బాగా పడిపోతుంది. అప్పుడు సభ్యులు మనం ఎక్కువ పెడుతున్నామా అని అడుగుతారు. అదే 2023 జూలైలో టమాట కిలో వంద దాటిన సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుకు రాదు. అందుకే చేరే రోజునే చెప్పండి: ఈ ధర పంటకాలమంతటికీ ఒకటే, బజారు పడినా పెరిగినా మారదు. ఈ మాట ఇష్టం లేనివారిని బతిమాలి చేర్చుకోకండి.

5. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల వాటాను మొదటి రోజే లెక్కలో పెట్టండి

దీని మీద కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఎక్కువ బృందాలు దీన్ని తరువాత చూద్దాం అని వదిలేస్తాయి, ఆ తరువాత అనేది ఎప్పటికీ రాదు. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ దుకాణంలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నది. కానీ బియ్యం వచ్చినంత తేలికగా కూరగాయలు రావు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురు ఉన్న ఇంటికి అది వారానికి 11 కిలోలు దాటుతుంది. అడ్డా మీద నిలబడి రోజు కూలికి పోయే ఇంట్లో ధర పెరిగిన వారం మొట్టమొదట తగ్గేది కూరగాయలే.

పై లెక్కలోనే 25 వాటాలలో 5 సగం ధరకు ఇద్దామనుకోండి. తక్కువ పడేది 1,950 చొప్పున 9,750 రూపాయలు. మిగిలిన 20 కుటుంబాలు తలా 490 రూపాయలు అదనంగా పెడితే సరిపోతుంది. వారానికి చూస్తే అది 27 రూపాయలే. రైతుకు చేరవలసినది ఒక్క పైసా తగ్గదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: పేదవారికి ఇచ్చే రాయితీ సభ్యుల నుంచి రావాలి గానీ, రైతు ధర తగ్గించి ఇవ్వకూడదు.

ధర తగ్గించడంతోనే పని కాదు. సగం ధర అయినా 1,950 ఒకేసారి కట్టడం కూలి ఇంటికి కుదరదు, వారానికి 110 చొప్పున తీసుకోండి. ఆ ఇళ్ళ ముందస్తు సొమ్మును నిధి నుంచి రైతుకు ఇచ్చేసి, వారం వారం వచ్చేది నిధికి జమ చేయండి. రెండవది వేళ. మేము మొదట్లో ఆదివారం ఉదయం 8 నుంచి 10 దాకా మాత్రమే పంచేవాళ్ళం. శివనగర్ నుంచి వచ్చి చేరిన కుటుంబాలు రెండు వారాలకే మానేశాయి. ఆరా తీస్తే, ఆ వేళకు ఆడవాళ్ళు పనికి పోయి ఉంటారు. సాయంత్రం 6 నుంచి 8 దాకా రెండో పూట పెట్టిన తరువాతే వాళ్ళు మళ్ళీ వచ్చారు.

మూడవది మర్యాద. ఎవరు సగం కడుతున్నారో లెక్క చూసే ఒక్కరికే తెలియాలి. ఒకసారి బాకీల జాబితా చదువుతూ మాలో ఒకరు అందరి ముందు ఒక అక్క పేరు, ఆమె కట్టే ధరతో సహా చదివేశారు. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఆమె ఆ రోజు సంచి తీసుకుని వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఇంటికి వెళ్ళి మాట్లాడినా రాలేదు. అప్పటి నుంచి మా జాబితాలో పేర్లు, సంచి గుర్తులు తప్ప ధరలు లేవు. బుట్ట అందరికీ ఒకటే, వరుస ఒకటే, సంచి రంగు ఒకటే.

ప్రత్యామ్నాయాలు: నెలకు రెండు పూటలు సరుకు తూచి సర్దే పనికి వచ్చేవారికి ధరలో తగ్గింపు ఇవ్వవచ్చు. ఎవరూ తీసుకోని బుట్టలను దగ్గరలోని అంగన్‌వాడీ కేంద్రానికి, వసతి గృహానికి ఇవ్వవచ్చు, అయితే ముందురోజే అడిగి ఇవ్వండి, వాడిపోయినవి ఇవ్వకండి.

6. ఒప్పందం రాసుకోండి

ఒక పేజీ చాలు. ఎన్ని వారాలు, వారానికి సుమారు ఎన్ని కిలోలు, ఏ రోజు, ఎవరు తెస్తారు, పైసలు ఏ విడతలుగా ఇస్తారు, పంట పోతే ఏం చేస్తారు. మేము సాగు ఖర్చులో సగం నారు పోసేటప్పుడు, పావు వంతు మొదటి కోతకు, మిగిలిన పావు వంతు తొమ్మిదో వారంలో ఇస్తాం. పైసలు ఇద్దరి పేర ఉన్న బ్యాంకు ఖాతాలోనే ఉంచండి, ఒకరి సొంత ఫోన్‌పేకు రానివ్వకండి. ఇది కూరగాయలకు ఇచ్చే ముందస్తు సొమ్ము అని రసీదు మీద స్పష్టంగా రాయండి. వడ్డీ, లాభం, పెట్టుబడి మీద రాబడి వంటి మాటలు ఎక్కడా రాయకండి.

పంట పోయే సంగతి దాచకుండా మాట్లాడాలి. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి మునిగింది. అటువంటి రోజున మడి మిగలదు. మా ఒప్పందంలో మూడు మెట్లు ఉన్నాయి: ఒక వారం సరుకు తగ్గితే సభ్యులు సర్దుకుంటారు; వరుసగా మూడు వారాలు సగానికి తగ్గితే నష్ట నిధి నుంచి వేరే రైతు దగ్గర కొని నింపుతాం; పంట మొత్తం పోతే అప్పటిదాకా ఇచ్చినది తిరిగి అడగం, ఇంకా ఇవ్వని విడతను మళ్ళీ విత్తడానికి ఇస్తాం. మీ మెట్లు వేరుగా ఉండవచ్చు. అవి లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

7. ఏమి వేయాలో కలిసి రాసుకోండి

పొలాన్ని చిన్న చిన్న మడులుగా చేసి విడతలుగా విత్తడమే ఇందులో కీలకం. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, తోటకూర 25 నుంచి 40 రోజుల్లో చేతికి వస్తాయి కాబట్టి 10 నుంచి 15 రోజులకు ఒక మడి వేయించండి. బెండ, గోకరకాయ 45 నుంచి 50 రోజులు, బీర రెండు నెలల లోపు, టమాట, వంకాయ నాటిన రెండు నెలలు దాటాక. అంటే నవంబరు బుట్టలో ఆకుకూరలు, బెండ, గోకరకాయ ఎక్కువ ఉంటాయి, డిసెంబరులో టమాట, వంకాయ, చిక్కుడు వస్తాయి. చలి ముదిరిన వారాల్లో బెండ, బీర కాత మందగిస్తుంది. ఈ సంగతి సభ్యులకు ముందే చెప్పకపోతే టమాట ఏదని మొదటి వారమే అడుగుతారు.

ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, క్యారెట్ ఈ బుట్టలో ఆశించకండి. పుంటికూర, చుక్కకూర, గంగవాయిలి కూర, ఆనిగెపుకాయ, కాకరకాయ మన నేల ఇచ్చేవి. కాకర, మిర్చి జోలికి కోతులు తక్కువగా వస్తాయని రైతులు అంటారు, గట్ల వెంట అవి వేయించడం మంచిదే.

8. కోత, రవాణా, పంపకం

వంకాయ, బెండ, బీర వంటివి ముందురోజు సాయంత్రం కోయవచ్చు. ఆకుకూరలు మాత్రం తెల్లవారుజామున కోసి, వేర్ల మట్టి కడిగి, తడి గోనె మీద పరచి తేవాలి. టమాట ట్రేలో మూడు వరుసలకు మించి పేర్చకండి. ఆటో ఎనిమిది లోపు చేరాలి. సాయంత్రం పూట వచ్చేవారి ఆకుకూరలను నీడలో తడిగుడ్డ కప్పి ఉంచండి, రెండు గంటలకు ఒకసారి నీళ్ళు చిలకరించండి.

పొలం దగ్గర ఒకసారి, పంచే చోట ఒకసారి తూచండి. రెండు అంకెలూ పుస్తకంలో పక్కపక్కన రాయండి. పెద్దవి, అందమైనవి ముందు వచ్చినవారు ఏరుకోనివ్వకండి. సంచులు ముందే సర్ది పెట్టండి. ఎవరికైనా ఒక కూర పడకపోతే మార్చుకోవడానికి పక్కన ఒక గంప ఉంచండి: ఇష్టం లేనిది అందులో వేసి, అంతే తూకం వేరేది తీసుకోవచ్చు. ఈ ఒక్క గంప మా గొడవలను చాలా తగ్గించింది.

సంక్రాంతికి, మేడారం జాతర ఉన్న ఏడాది జాతర వారానికి సెలవు ముందే ప్రకటించండి. ఆ వారం ఇంట్లో మనుషులు ఉండరు, పొలంలో కూలీలు ఉండరు. 18 వారాల లెక్క ఆ సెలవులు పోగా వేయండి.

9. నెలకు ఒకసారి పొలానికి వెళ్ళండి

వంతులవారీగా నాలుగు కుటుంబాలు వెళ్తే చాలు, పిల్లలను తీసుకెళ్ళండి. తనిఖీకి వచ్చినట్లు కాకుండా, ఒక గంట కలుపు తీసి, రైతు ఇంటివాళ్ళతో కలిసి చాయ్ తాగి రండి. గట్ల మీద ఖాళీ మందు డబ్బాలు ఉన్నాయా, ఆకుల మీద తెల్లటి మచ్చలు ఉన్నాయా, వచ్చే నెల మడులు నిజంగా విత్తి ఉన్నాయా అన్నది నడుస్తూనే కనబడుతుంది. మందులు లేవన్న చేనులో వారాల తరబడి ఒక్క పుచ్చు వంకాయ కూడా రాకపోతే అనుమానించి అడగండి. మా ఇళ్ళలో పుచ్చు కాయ వచ్చిందని ఫిర్యాదు చేసేవాళ్ళకు ఆ ఒక్క ముక్క కోసి పారేయమని చెబుతాం.

తరచుగా జరిగే పొరపాట్లు

ఒకే రైతు మీద ఆధారపడటం అన్నిటికన్నా పెద్దది. ఆయన ఇంట్లో పెళ్ళి అయినా, జ్వరం వచ్చినా, బోరు కాలిపోయినా మొత్తం ఆగిపోతుంది. ఇద్దరు ఉంటే సగమైనా నడుస్తుంది.

రెండవది, సరుకు తగ్గిన వారం రైతు చెప్పకుండా మార్కెట్లో కొని కలపడం. మంచి మనసుతోనే చేస్తారు, మాట పోతుందని భయపడి. తక్కువ వచ్చినా ఫరవాలేదు, ఉన్నదే పంపండి అని మీరు రెండు మూడుసార్లు నోటితో చెబితే తప్ప ఆ భయం పోదు. కొని కలిపితే అది ఏ పొలానిదో సంచి మీద రాయాలి.

మూడవది, సభ్యులు మధ్యలో మానేయడం. ఊరు మారడం వంటి కారణాలు నిజమైనవే. పైసలు తిరిగి ఇవ్వకుండా, వాటాను మరొకరికి బదిలీ చేసుకునే వీలు ఇవ్వండి, నలుగురైదుగురు కుటుంబాల నిరీక్షణ జాబితా ఎప్పుడూ ఉంచుకోండి.

నాలుగవది, వాట్సాప్‌లో అన్నీ తేల్చుకోవాలనుకోవడం. ఫోను చూడని పెద్దవాళ్ళు, రాత చదవలేని సభ్యులు వెనకబడిపోతారు. పంచే చోట ఒక నల్లబల్ల పెట్టి ఈ వారం ఏమి వచ్చిందో, వచ్చే వారం ఏమి రావచ్చో రాయండి, అడిగినవారికి చదివి చెప్పండి.

ఐదవది, తొందరగా సంఘం నమోదు చేయడం. ఒక పంటకాలం పుస్తకాలతో నడపండి. నిలబడుతుందని తేలితే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదు చేసుకోవచ్చు. మన దగ్గర సహకారం అంటే ఏమిటో తెలియనివారు భీమదేవరపల్లి మండలంలోని ములుకనూరుకు ఒకసారి వెళ్ళి రావాలి. అక్కడ అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి 1956లో మొదలుపెట్టిన సహకార బ్యాంకు నేటికీ నడుస్తున్నది, మహిళల పాల డెయిరీ కూడా ఉంది. లెక్క అందరి ముందు విప్పి చెప్పే అలవాటును అక్కడ నేర్చుకోవచ్చు.

సరిగ్గా నడుస్తున్నదో లేదో చూసుకోవడం

ఆరో వారంలో, పన్నెండో వారంలో, చివరి వారంలో కింది ప్రశ్నలకు పుస్తకం చూసి జవాబు రాయండి, ఊహించి రాయకండి.

- బుట్ట సగటు తూకం అనుకున్న 5 కిలోలలో ఎంత? నాలుగు కిలోలకు తగ్గితే మడుల వరుసలో ఏదో తప్పింది, రైతుతో కూర్చోండి.
- రైతు విడతలు ఒప్పందపు తేదీకి అందాయా? ఒక వారం ఆలస్యమైనా రాసుకోండి.
- పొలం తూకానికీ పంచే చోటి తూకానికీ తేడా ఎంత? ఆకుకూరల్లో కొంత తగ్గుదల సహజం. తేడా వారం వారం పెరుగుతుంటే కోసే వేళ గానీ ఆటో వేళ గానీ తప్పుతున్నది.
- సగం ధర కుటుంబాలు ఎన్ని వారాలు వచ్చి తీసుకువెళ్ళాయి? మిగతావారి కంటే తక్కువగా వస్తుంటే లోపం మన దగ్గర ఉంది, వాళ్ళ దగ్గర కాదు. ఇంటికి వెళ్ళి, వేళ కుదరడం లేదా, దూరమా, వండుకోలేని కూరలు వస్తున్నాయా అని అడగండి.
- రైతుకు ఇదే 20 గుంటల మీద కిందటి యాసంగిలో చేతికి ఎంత మిగిలింది, ఇప్పుడు ఎంత? ఈ ప్రశ్న అడగడానికి మొహమాటం వద్దు. పెరగకపోతే మీ ధర తప్పు.

కూరగాయలు కుదరని చోట

చిన్న ఊళ్ళలో, నీళ్ళు తక్కువ ఉన్న మండలాల్లో వారం వారం బుట్ట కష్టం. అక్కడ ఏడాదికి ఒకటి రెండుసార్లు అందే వాటాతో మొదలుపెట్టండి: కొత్త బియ్యం, కందిపప్పు, పెసళ్ళు, జొన్నలు, ఎండుమిర్చి. నిజామాబాద్, జగిత్యాల వైపు ఉన్నవారికి పసుపు, వరంగల్ వారికి 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాటా మిర్చి చేతికందే దూరంలోనే ఉన్నాయి. ఇందులో రవాణా తక్కువ, పాడయ్యేది తక్కువ, పది కుటుంబాలు ఉన్నా నడుస్తుంది. మార్చి తరువాత కూరగాయలు ఆగిపోయే బృందాలు కూడా ఎండల్లో వంకాయ ఒరుగులు, చింతపండు, పప్పులు ఇచ్చి రైతుతో లెక్కను కొనసాగించవచ్చు.

10. చివరి వారం సమావేశం

పంటకాలం ముగిసే ఆదివారం రైతులను, సభ్యులందరినీ ఒకచోట కూర్చోబెట్టి పైసల పుస్తకం మొదటి పేజీ నుంచి చదివి వినిపించండి, ఇళ్ళవారీగా ఎవరు ఎంత కట్టారన్నది మాత్రం వదిలేయండి. నష్ట నిధిలో మిగిలినది పంచుకోకండి, వచ్చే పంటకాలానికి జమ చేయండి. ఆ తరువాత రైతులను ముందు మాట్లాడనివ్వండి: ఏ కూర గిట్టలేదు, ఏ వారం ఇబ్బంది పడ్డారు, వచ్చేసారి ధర ఎంత ఉండాలి. సభ్యుల వంతు ఆ తరువాతే. వానాకాలానికి కొనసాగించేవారి పేర్లు అక్కడే రాసుకుని, మృగశిర కార్తె అంటే జూన్ మొదటి వారానికల్లా మొదటి విడత రైతుల ఖాతాలో పడేటట్టు, వసూలు మే 15 నుంచి మొదలుపెట్టండి.